‘ఫుల్ ఇన్సూరెన్స్’ ఉన్నా బిల్లు మన చేతికి ఎందుకొస్తుంది?

2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారం హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు పక్కనున్న కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు వరంగల్, హనుమకొండ మళ్లీ నీళ్ల పాలయ్యాయి. ఇలాంటి వరద వచ్చిపోయాక షెడ్లకు, సర్వీస్ సెంటర్లకు చేరే కార్లను చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒకే గల్లీలో, ఒకే ఎత్తు నీళ్లలో, ఒకే రకం పాలసీతో ఉన్న రెండు కార్లలో ఒకదానికి క్లెయిము దాదాపు పూర్తిగా వస్తుంది. రెండోదానికి మాత్రం ఇంజిన్ బిల్లు మొత్తం ఓనర్ నెత్తిన పడుతుంది. తేడా ఒక్కటే. నీళ్లు తగ్గాక రెండో ఓనర్ ‘స్టార్ట్ అవుతుందో లేదో’ అని ఒకసారి తాళం తిప్పి చూశాడు.

కారు బీమాలో చాలా గొడవలకు మూలం ఇక్కడే ఉంది. కారుకు దెబ్బ తగిలింది, పాలసీ ఉంది, కాబట్టి డబ్బు రావాలి అనుకుంటాం. పాలసీ మాత్రం ముందుగా దెబ్బ ఎలా తగిలిందని అడుగుతుంది. ఆ సమయంలో కారు ఎవరి చేతిలో ఉంది, ఏ పని మీద పోతోంది అని ఆ తర్వాత అడుగుతుంది. ఎంత నష్టం జరిగిందన్నది చివరి ప్రశ్న. కంపెనీ తరఫున నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చి సొట్టలు లెక్కపెట్టడానికి ముందే క్లెయిము భవిష్యత్తు సగం తేలిపోయి ఉంటుంది.

ముందు పాలసీ రకం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సింది థర్డ్ పార్టీ బీమా మాత్రమే. మన కారు వల్ల ఎదుటివాళ్లకు ప్రాణనష్టం, గాయాలు, ఆస్తినష్టం జరిగితే అది కడుతుంది. ప్రాణనష్టానికి, గాయాలకు పరిమితి లేదు, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత. ఆస్తినష్టానికి ప్రైవేట్ కారు విషయంలో ఏడున్నర లక్షల వరకు. మన కారుకు మాత్రం ఒక్క రూపాయి రాదు. దీని ప్రీమియం కంపెనీ ఇష్టం మీద ఉండదు. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897 అని ప్రభుత్వమే ఖరారు చేసింది. పోలీసులు ఆపినప్పుడు చూపించడానికి ఇది చాలు. అది కూడా లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. నిజానికి చలాన్ ఇక్కడ చిన్న విషయం. బీమా లేని కారు కింద ఎవరైనా పడితే వచ్చే పరిహారం తీర్పు పొలమో, ఇల్లో అమ్ముకునే దాకా తీసుకుపోతుంది.

మన కారుకు జరిగిన నష్టం కూడా రావాలంటే ‘ఓన్ డ్యామేజ్’ భాగం ఉండాలి. రెండూ కలిపిన పాలసీనే జనం ఫుల్ ఇన్సూరెన్స్ అంటారు. కొత్త కారు కొన్నవాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ భాగం చాలాసార్లు మొదటి ఏడాదికే ఉంటుంది. ‘మూడేళ్లకు కట్టేశాం’ అన్న ధీమాతో రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోయిన కారు చెట్టుకు గుద్దుకుంటే, ఆ మూడేళ్ల కాగితం మన కారుకు పనికిరాదు.

కారులో కూర్చున్నవాళ్ల సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న ప్రైవేట్ కారులో ప్రయాణించే బంధువులు, స్నేహితులు ఆ పాలసీ లెక్కలో థర్డ్ పార్టీ కిందికి రారు. ప్యాకేజీ పాలసీ, అంటే ఫుల్ ఇన్సూరెన్స్ అయితే వస్తారని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. ఓనర్‌కు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరు. ఆర్‌సీలో పేరున్న మనిషికి, అదీ చెల్లే లైసెన్స్ ఉంటేనే అది వర్తిస్తుంది. బావ కారును బావమరిది నడుపుతూ ప్రమాదంలో చనిపోతే, లైసెన్స్ ఉన్న మనిషి నడిపాడు కాబట్టి కారు రిపేరుకు డబ్బు రావచ్చు గానీ, ఆ 15 లక్షలు మాత్రం బావమరిది కుటుంబానికి రావు. పెళ్లికో ఆసుపత్రికో కారు అడిగితే ఇచ్చి పంపడం మన దగ్గర మామూలు కాబట్టి, కారులో కూర్చునేవాళ్లందరికీ వర్తించే అదనపు ప్రమాద బీమా తీసుకోవడం దండగ ఖర్చేమీ కాదు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. మన ప్రాంతంలో దీన్ని మించిన పాఠం లేదు.

వరద, తుపాను, వడగళ్లు, పిడుగు, భూకంపం, కొండచరియలు విరిగిపడటం ఇవన్నీ ఓన్ డ్యామేజ్ పాలసీలో పేరుపేరునా ఉన్నవే. ఇంటి ముందు ఆపిన కారులోకి నీళ్లొస్తే సీట్లు, కార్పెట్లు, వైరింగ్, కంప్యూటర్ యూనిట్లు అన్నిటికీ తరుగుదల పోను డబ్బు వస్తుంది. మరి ఇంజిన్‌కు ఎందుకు రాదు? ఇంజిన్ లోపల పిస్టన్ పైకి లేచినప్పుడు గాలిని నొక్కుతుంది. గాలి నొక్కితే కుదించుకుపోతుంది. ఎయిర్ ఫిల్టర్ గుండా సిలిండర్‌లోకి నీళ్లు చేరాక తాళం తిప్పితే పిస్టన్ ఆ నీళ్లను నొక్కబోతుంది. నీళ్లు కుదించుకుపోవు. పిస్టన్ ఆగిపోతుంది, కింద నుంచి తోస్తున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి బ్లాకుకు కన్నం పెడుతుంది. మెకానిక్కులు ‘హైడ్రో లాక్’ అనేది దీన్నే. ఆపి ఉంచిన ఇంజిన్‌లోకి నీళ్లు పోయినా రాడ్ వంగదు. కాబట్టి ఇంజిన్ విప్పి వంగిన రాడ్‌ను చూడగానే సర్వేయర్‌కు కథ అర్థమైపోతుంది, కారు నీళ్లలో నడిచింది, లేదా నీళ్లు చేరాక స్టార్ట్ చేశారు. కంపెనీ దృష్టిలో వరద చేసిన నష్టం అంతటితో అయిపోయింది. ఇంజిన్ పోవడం ఓనర్ చేసిన పని వల్ల వచ్చిన తదుపరి నష్టం. సాధారణ పాలసీలో తదుపరి నష్టాలకు చోటు లేదు.

అందుకే మునిగిన కారు దగ్గర చేయాల్సిన పనుల్లో మొదటిది ఏమీ చేయకపోవడమే. బటన్ స్టార్ట్ కారైనా అంతే, లైట్లు వెలుగుతున్నాయి కదా అని నొక్కకూడదు. నీళ్ల మట్టం కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, బ్యాటరీ కనెక్షన్ తీయించి, టోయింగ్ వాహనం మీద షెడ్డుకు పంపాలి. గల్లీ కుర్రాళ్లను పిలిచి తోసి స్టార్ట్ చేయించడం తాళం తిప్పడం కంటే ఏ రకంగానూ మేలు కాదు. ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు కవర్ ఉంటే ఈ నష్టం కూడా వస్తుంది. అందులోనూ షరతులుంటాయి, మునిగిందని తెలిసీ పదేపదే స్టార్ట్ చేస్తే దాన్ని కూడా కాదనే కంపెనీలున్నాయి. నాలాల పక్కన, లోతట్టు కాలనీల్లో ఉండేవాళ్లకు తాళంచెవి పోతే ఇచ్చే కవర్ కంటే ఇది వంద రెట్లు అవసరం. ఏజెంట్లు మాత్రం రెండింటినీ ఒకే ప్యాకేజీలో కట్టి అమ్ముతుంటారు.

చెరువులు మత్తడి దుంకే రోజుల్లో కల్వర్టు మీద పారే వాగును దాటబోయి కారు కొట్టుకుపోయిన ఘటనలు మన జిల్లాల్లో ప్రతి వానాకాలం వింటాం. వరద ప్రమాదమే కాబట్టి పాలసీ సూత్రప్రాయంగా వర్తిస్తుంది. కానీ వాహనాన్ని కాపాడుకోవడానికి తగినంత జాగ్రత్త తీసుకోవాలన్న షరతు కూడా అదే పాలసీలో ఉంది. పోలీసులు బారికేడ్లు పెట్టిన చోట పక్కనుంచి పోయారని తేలితే కంపెనీ ఆ షరతును బయటికి తీస్తుంది. అయినా ఆ స్థితిలో క్లెయిము గురించి ఆలోచించే అవకాశం ఉండటమే అదృష్టం.

ఇదే తర్కం వరద లేని రోజుల్లోనూ పని చేస్తుంది. ఊరి రోడ్డు మీద ఎత్తుగా కట్టిన స్పీడ్‌ బ్రేకర్‌కో, రాయికో తగిలి కారు కింద ఆయిల్ చాంబర్ పగిలిందనుకుందాం. అది బయటి దెబ్బ, చాంబర్‌కు డబ్బు వస్తుంది. డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతున్నా ‘ఇంకా పది కిలోమీటర్లే కదా’ అని నడిపితే, ఆయిల్ కారిపోయి ఇంజిన్ పట్టేస్తుంది. చాంబర్ ఖర్చు కొన్ని వేలు, ఇంజిన్ ఖర్చు లక్షల్లో. కంపెనీ మొదటిది కడుతుంది, రెండోది కట్టదు. టైర్ల విషయమూ ఇంతే. మే నెల ఎండలో రాజీవ్ రహదారి మీద టైరు పేలితే ఆ టైరుకు ఏమీ రాదు. పేలిన టైరుతో కారు అదుపు తప్పి డివైడర్‌ను గుద్దితే కారు రిపేరుకు వస్తుంది, టైరుకు సగం ధర వస్తుంది. క్లచ్ అరిగినా, ఏసీ కంప్రెసర్ పోయినా, ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోయినా అవి అరుగుదల, యంత్ర లోపాలు. బీమాకు సంబంధం లేదు.

గేదె అడ్డమొచ్చి గుద్దుకున్నా, అడవి పంది తగిలినా, గాలివానకు చెట్టుకొమ్మ విరిగిపడినా, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్ప మీదికెక్కి బోల్తా పడినా కవర్ ఉంటుంది. కోతులు వైపర్లు పీకేసి, సైడ్ మిర్రర్ విరగ్గొట్టినా సూత్రప్రాయంగా అది బయటి నుంచి వచ్చిన నష్టమే. అయితే ఆ క్లెయిము వేయడం లాభమా అన్నది వేరే లెక్క, దానికి తర్వాత వద్దాం. ఎలుకలు వైరింగ్ కొరికితే మాత్రం కంపెనీకో తీరుగా చూస్తారు. ఇంజిన్ బే ఫొటో తీసి పెట్టుకుని, సర్వేయర్ రాకముందు వైర్లు మార్పించకుండా ఉండటం మంచిది.

కారు ఎవరి చేతిలో ఉంది?

తాగి నడిపితే ఓన్ డ్యామేజ్ క్లెయిము పోయినట్టే. లైసెన్స్ లేని పిల్లవాడి చేతికి ఇస్తే కూడా అంతే. ఈ రెండు సందర్భాల్లో ప్రమాదంలో దెబ్బతిన్న ఎదుటివాళ్లను మాత్రం చట్టం వదిలేయదు. లైసెన్స్ లేని కేసుల్లో కంపెనీ ముందు బాధితులకు కట్టి, ఆ డబ్బును ఓనర్ నుంచి వసూలు చేసుకోవచ్చని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధిత కుటుంబానికి అది రక్షణ. ఓనర్‌కు మాత్రం వాయిదా పడిన అప్పు.

ఉత్తర తెలంగాణలో ఎక్కువ మందిని ముంచేది మరొకటి, తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి తిప్పడం. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు, పెళ్లిళ్ల సీజన్‌కు ట్యాక్సీలు దొరకవు. డీజిల్ పోసి ఇంత ఇస్తామంటే సొంత కారు పంపేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ప్రైవేట్ కారు పాలసీలో వాడకం మీద పరిమితి స్పష్టంగా రాసి ఉంటుంది, కిరాయికి వాడకూడదు. పస్రా, తాడ్వాయి దారిలో ప్రమాదం జరిగితే, లోపల కూర్చున్నవాళ్లలో ఒకరు పోలీసులకు ‘మనిషికి ఇంత చొప్పున ఇచ్చి వచ్చాం’ అని చెప్పిన ఒక్క వాక్యంతో కంపెనీ చేతులెత్తేయొచ్చు. కోర్టుకు పోతే పూర్తిగా ఖాళీ చేతులతో రారు. ప్రైవేట్ కారును ట్యాక్సీగా వాడుతుండగా దోచుకుపోయిన కేసులో 2008లో, కిరాయికిచ్చిన కారుకు ప్రమాదం జరిగిన కేసులో 2010లో సుప్రీంకోర్టు 75 శాతం చెల్లించమంది. ఆ 75 శాతం కోసం కింది వినియోగదారుల ఫోరం నుంచి ఢిల్లీ దాకా ఏళ్ల తరబడి నడవాల్సి వచ్చిందన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు ఇన్సూరెన్స్ ‘ఇంకా ఎనిమిది నెలలుంది’ అని బ్రోకర్ ఊరిస్తాడు. ఆ ఎనిమిది నెలల్లో థర్డ్ పార్టీ భాగం కొత్త ఓనర్‌కు దానంతటదే మారినట్టు చట్టం భావిస్తుంది. ఓన్ డ్యామేజ్ భాగం అలా మారదు. కారు చేతులు మారిన 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీలో పేరు మార్పించుకోవాలి. లేకపోతే ప్రమాదం రోజున ఆర్‌సీలో ఒక పేరు, పాలసీలో ఒక పేరు, స్టీరింగ్ దగ్గర ఇంకో మనిషి ఉంటారు. అమ్మినవాళ్లకు కూడా ఇందులో టెన్షన్ ఉంది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే థర్డ్ పార్టీ పరిహారానికి వాళ్లే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు, తాళాలు ఇచ్చేసి నిద్రపోవడం మంచిది కాదు.

ఒక బిల్లు విప్పి చూస్తే

అన్నీ సరిగ్గా ఉన్నా బిల్లు మొత్తం రాదు. మూడున్నరేళ్ల వయసున్న, 1200 సీసీ కారు ముందు భాగం దెబ్బతిన్నదనుకుందాం. ముందు బంపర్ 12,000, బానెట్ 10,000, ముందు అద్దం 8,000, పెయింటింగ్ 8,000, లేబర్ 6,000. మొత్తం 44,000 రూపాయలు, పన్నులు పక్కన పెడదాం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు కారు వయసుతో పని లేకుండా సగం కోస్తారు, బంపర్‌లో 6,000 పోయింది. ఇనుప రేకు భాగాలకు వయసును బట్టి కోత ఉంటుంది, మూడు నుంచి నాలుగేళ్ల మధ్య 25 శాతం, బానెట్‌లో 2,500 పోయింది. అద్దానికి కోత లేదు. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖర్చుగా లెక్కగట్టి అందులో సగం తీసేస్తారు, 1,000 పోయింది. లేబర్ పూర్తిగా వస్తుంది. చివరగా 1500 సీసీ వరకు కార్లకు ప్రతి క్లెయిములో ఓనర్ తప్పనిసరిగా భరించాల్సిన 1,000. కంపెనీ ఇచ్చేది 33,500, ఓనర్ జేబులోంచి 10,500. నట్లు, బోల్టులు, కూలెంట్, ఏసీ గ్యాస్ లాంటివి మారిస్తే వాటిని కూడా సాధారణంగా ఓనరే కట్టుకోవాలి.

తరుగుదల కోత లేకుండా చేసే ‘జీరో డెప్’, మన షెడ్లలో ‘బంపర్ టు బంపర్’ అని పిలిచే కవర్ ఉంటే ఈ 10,500లో 9,500 తగ్గిపోతుంది, ఆ తప్పనిసరి 1,000 మాత్రం ఉంటుంది. కొత్త కార్లలో బంపర్లు, హెడ్‌లైట్లు, గ్రిల్ అన్నీ ప్లాస్టిక్కే కాబట్టి మొదటి అయిదేళ్లు ఇది తీసుకోవడం తెలివైన పని. ఏడాదిలో ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో మాత్రం చూసుకోవాలి.

ఇందాకటి కోతుల లెక్క ఇప్పుడు చేద్దాం. క్లెయిము లేకుండా గడిపిన ఏళ్లను బట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20, 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిముతో అది సున్నాకు పడిపోతుంది. తగ్గింపుకు ముందు ప్రీమియం 9,000, తగ్గింపు 45 శాతం అనుకుంటే ఏటా 4,050 మిగులుతోంది. 3,000 రూపాయల మిర్రర్ కోసం క్లెయిము వేస్తే కోతలు పోను చేతికి వచ్చేది రెండు వేలకు మించదు. వచ్చే ఏడాది పోయేది అంతకంటే ఎక్కువ, ఆ తర్వాత నిచ్చెన మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. చిన్న సొట్టలకు ఆటోనగర్ డెంటరే నయం. ఈ తగ్గింపు మనిషికి చెందింది, కారుకు కాదు. పాత కారు అమ్మినప్పుడు దాన్ని కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. రెన్యువల్ 90 రోజులకు మించి ఆలస్యమైతే మాత్రం పోతుంది.

కారు దొంగలు ఎత్తుకుపోయినా, రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన కారు విలువలో 75 శాతం దాటినా ఆ ఐడీవీ మొత్తమే ప్రాతిపదిక. నాలుగేళ్లు దాటి అయిదేళ్లలోపు కారుకు అది తయారీ కంపెనీ ప్రకటించిన ధరలో సగం. ప్రీమియం తక్కువ చూపించడానికి కొందరు ఏజెంట్లు ఐడీవీ తగ్గించి రాస్తారు. ఆదా అయ్యేది వందల్లో, కారు పోయిన రోజు నష్టం వేలల్లో. లోన్ ఉంటే ఆ డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్లకే పోతుంది. కారులో పెట్టిన ల్యాప్‌టాప్, బంగారం పోతే కారు పాలసీకి సంబంధం లేదు. టోయింగ్‌కు సాధారణ పాలసీ ఇచ్చేది 1,500 రూపాయల వరకే. ఏటూరునాగారం నుంచి హనుమకొండ దాకా కారును మోసుకు రావాలంటే ఆ డబ్బు ఏ మూలకూ చాలదు, రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఎన్ని కిలోమీటర్ల వరకో ముందే అడగడం మేలు.

క్లెయిము కాదంటే కంపెనీ కారణాన్ని లిఖితపూర్వకంగా ఇవ్వాలి, ఏ షరతు కింద కాదన్నారో అందులో ఉండాలి. ‘లేటుగా చెప్పారు’ అన్నది ఒక్కటే కారణమైతే అది గట్టిగా నిలబడదు. దొంగతనం జరిగిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము తోసిపుచ్చకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా పాలసీదారుల ఫిర్యాదులు విచారించే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 50 లక్షల వరకు విచారించే అధికారం ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ కాదన్నప్పటి నుంచి ఏడాదిలోగా వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే గడువు రెండేళ్లు. ఎక్కడికి పోయినా మొదట అడిగేవి పాలసీ కాపీ, తిరస్కరణ లేఖ, సర్వే రిపోర్టు. సర్వే రిపోర్టు కాపీని చాలామంది అడగరు. కారు ఎలా దెబ్బతిన్నదని కంపెనీ నమ్ముతోందో దాంట్లోనే రాసి ఉంటుంది.